1×1 ఫీల్డుకు మూడు డిటెక్టర్లు మూడు లెక్కలు చెబుతున్నాయి: టీపీఎస్‌లో ఏది పెట్టాలి?

జయనగర ఫిజిక్స్:
అందరికీ నమస్కారం. బెంగళూరులో కొత్త 6 ఎంవీ లైనాక్ (రేడియేషన్ చికిత్స యంత్రం) మీద రేడియోసర్జరీ కోసం బీమ్ డేటా తీస్తున్నాం. వాటర్ ట్యాంకు, ఎస్ఎస్‌డీ (మూలం నుంచి నీటి ఉపరితలానికి దూరం) 90 సెం.మీ., లోతు 10 సెం.మీ., 10×10 సెం.మీ. ఫీల్డుకి నార్మలైజ్ చేశాం. 1×1 ఫీల్డుకు అవుట్‌పుట్ ఫ్యాక్టర్ (10×10తో పోలిస్తే డోసు ఎంత అనే నిష్పత్తి) ఇలా వచ్చింది: 0.125 సి.సి. సెమీఫ్లెక్స్ చాంబర్‌తో 0.652, మైక్రోడైమండ్‌తో 0.694, షీల్డింగ్ లేని డయోడ్‌తో 0.706. 4×4 దగ్గర మూడూ దాదాపు కలిశాయి. టీపీఎస్ (చికిత్స ప్లాన్ వేసే సాఫ్ట్‌వేర్) మోడలింగ్‌కి డేటా త్వరగా పంపాలి. మూడింటి సగటు వేసి పంపితే సరిపోతుందని ఇక్కడ ఒక వాదన ఉంది. పెద్దలు చెప్పండి.

పాత బంకర్:
సగటు వద్దండీ. మూడు కొలతలూ ఒకే దాని చుట్టూ అటూ ఇటూ పడుతుంటే సగటుకి అర్థం ఉంటుంది. ఇక్కడ ఒక్కో డిటెక్టర్ తనకున్న కారణంతో ఒక్కో వైపుకి తప్పుతోంది.

సెమీఫ్లెక్స్ లోపలి గది 5.5 మి.మీ. వ్యాసం, 6.5 మి.మీ. పొడవు. 10 మి.మీ. ఫీల్డులో చదునైన మధ్యభాగం అంటూ పెద్దగా ఉండదు, ప్రొఫైల్ గుమ్మటంలా ఉంటుంది. చాంబర్ ఆ శిఖరాన్నీ దాని పక్కనున్న వాలునీ కలిపి చదువుతుంది కాబట్టి తక్కువ చూపిస్తుంది. డయోడ్‌లో సిలికాన్ సాంద్రత 2.33. పక్కల నుంచి రావాల్సిన ఎలక్ట్రాన్లు చాలని చిన్న ఫీల్డులో ఆ సాంద్రత వల్ల నీటికంటే ఎక్కువ చూపిస్తుంది. మైక్రోడైమండ్‌కీ ఈ గుణం కొంత ఉంది. 1 సెం.మీ. దగ్గర స్వల్పం, 5 మి.మీ.కి దిగితే కొన్ని శాతం.

తప్పు ఎటు పడుతుందో కూడా చూడండి. నిజం 0.690 అయి మీరు 0.652 పెడితే, ఆ ఫీల్డు బలహీనమని టీపీఎస్ నమ్మి 5.8 శాతం ఎక్కువ ఎంయూలు (యంత్రం బీమ్‌ని లెక్కించే యూనిట్లు) ఇస్తుంది. రోగికి అంత ఎక్కువ డోసు. ఫ్రాన్స్‌లో టూలూజ్‌లో 2006 నుంచి 2007 వరకు 145 మందికి ఎక్కువ డోసు పడింది ఈ కారణంగానే, చిన్న ఫీల్డులను వాటికి తగని పెద్ద చాంబర్‌తో కొలిచారు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2004–2009 మధ్య 76 మంది విషయంలోనూ మూలం అదే.

ఇంకో మాట. మీ 0.652కీ 0.694కీ ఆరు శాతం పైన తేడా ఉంది. దాన్నంతా వాల్యూమ్ మీదికి నెట్టేయలేం. సెంటరింగ్ కుదరలేదని నా అనుమానం. ఫీల్డు లైటు, క్రాస్‌హెయిర్ చూసి డిటెక్టర్ పెట్టారా?

జయనగర ఫిజిక్స్:
అవును సార్. లేజర్, క్రాస్‌హెయిర్ చూసే పెట్టాం.

పాత బంకర్:
అయితే అక్కడి నుంచే మొదలుపెట్టండి. చిన్న ఫీల్డుకి కేంద్రం ఎక్కడో రేడియేషన్‌నే అడగాలి, లైటుని కాదు. ముందు మైక్రోడైమండ్ పెట్టండి. దాని కాడ బీమ్‌కి సమాంతరంగా, మొన బీమ్ వైపుకి ఉండాలి. ఎలక్ట్రోమీటర్‌లో బయాస్ 0 వోల్టులు. చాంబర్ తీసి డైమండ్ పెట్టే తొందరలో 400 వోల్టులు అలాగే ఉండిపోతే ఆ డిటెక్టర్ మీద ఆశ వదులుకోవచ్చు. కేబుల్ మార్చే ముందు వోల్టేజీ దించడం అలవాటు చేసుకోండి. కొలతలకి ముందు ఓ 5 గ్రే ఇచ్చి స్థిరపడనివ్వండి.

తర్వాత 5 సెం.మీ. లోతులో ఇన్‌లైన్, క్రాస్‌లైన్ ప్రొఫైళ్లు 0.2 మి.మీ. అడుగులతో తీయండి. 50 శాతం అంచుల నడిమి బిందువే కేంద్రం. అవే 20 సెం.మీ. లోతులో మళ్లీ తీయండి. రెండు కేంద్రాలూ కలవకపోతే ట్యాంకు చేయి నిట్టనిలువుగా దిగడం లేదనో, గ్యాంట్రీ సున్నా నిజమైన సున్నా కాదనో అర్థం. 0.2 డిగ్రీల వంపు 15 సెం.మీ. ప్రయాణంలో అర మిల్లీమీటరు పక్కకు నెడుతుంది. 1×1లో అది ఎలాగోలా సర్దుకోవచ్చు, 5 మి.మీ. కోన్‌లో కుదరదు. రెండూ కలిశాకే 10 సెం.మీ.కి వచ్చి రీడింగ్ తీయండి. డిటెక్టర్ మార్చిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ చేయాల్సిందే. సెమీఫ్లెక్స్‌ని మీరు మొదట్లో డైమండ్ స్థానంలోనే పెట్టి చదివి ఉంటారనుకుంటాను. ఒక్కో డిటెక్టర్ కొలత బిందువు ఒక్కో చోట ఉంటుంది.

ఫీల్డు సైజు కూడా తెరమీద కనిపించే 1×1 కాదు. టీఆర్ఎస్-483 (చిన్న ఫీల్డుల కొలతకి ఐఏఈఏ నియమావళి) ప్రకారం, కొలిచే లోతులో ప్రొఫైల్ సగం ఎత్తు దగ్గర వెడల్పులు రెండు దిశల్లో తీసి, గుణించి, వర్గమూలం కట్టాలి. ఉదాహరణకి 10.8, 9.7 మి.మీ. వస్తే సమాన చదరం 10.2 మి.మీ. రెండు వెడల్పుల నిష్పత్తి 0.7కీ 1.4కీ మధ్య ఉండాలి. అందులోని పట్టికలో డిటెక్టర్ సవరణ గుణకాన్ని ఈ 10.2కి చూడాలి, 10కి కాదు.

తాంబరం డోసిమెట్రీ:
పాత బంకర్ సార్ చెప్పినదానికి ఒక చేర్పు. డైమండ్‌తో గానీ డయోడ్‌తో గానీ నేరుగా 10×10కి వెళ్లకండి. మధ్యలో 4×4 మీదుగా వెళ్లండి. పెద్ద ఫీల్డులో తక్కువ శక్తి స్కాటర్‌ని సిలికాన్ ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి హారం ఉబ్బుతుంది.

ఉదాహరణకి మైక్రోడైమండ్‌తో 1×1ని 4×4తో భాగిస్తే 0.803, సెమీఫ్లెక్స్‌తో 4×4ని 10×10తో భాగిస్తే 0.865 వచ్చాయనుకోండి. రెండూ గుణిస్తే 0.695. దీన్ని డైమండ్‌కి 10.2 మి.మీ. దగ్గరున్న గుణకంతో గుణించి, 4×4 దగ్గరున్న గుణకంతో భాగించాలి. డయోడ్‌తోనూ అలాగే చేసి, దాని గుణకం వేశాక, రెండు జవాబులూ ఒక శాతం లోపు కలిస్తేనే ముందుకు వెళ్లండి. కలవకపోతే ట్యాంకు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. సవరణకు ముందు కలవకపోవడం సహజం.

4×4లో సెమీఫ్లెక్స్ ఎందుకు చెల్లుతుందంటే: పార్శ్వ సమతౌల్యానికి (పక్కలకు పోయే ఎలక్ట్రాన్లూ పక్కల నుంచి వచ్చేవీ సమానం కావడానికి) కావాల్సిన దూరం సెంటీమీటర్లలో 8.369 × టీపీఆర్(20,10) − 4.382. మీ బీమ్ టీపీఆర్ (బీమ్ ఎంత లోతుకి చొచ్చుకుపోతుందో చెప్పే సూచిక) 0.667 అయితే 1.2 సెం.మీ. రెండు వైపులా 2.4, దానికి చాంబర్ పొడవు 0.65 కలిపితే 3.05 సెం.మీ. 4×4 అంతకంటే పెద్దది, కాబట్టి సరే. ఫార్మర్ చాంబర్‌కి 2.3 సెం.మీ. పొడవు కలిపితే 4.7 అవుతుంది. చేతికి అందుబాటులో ఉంది కదా అని 4×4లో ఫార్మర్ పెట్టకండి.

స్కానింగ్‌లో రిఫరెన్స్ చాంబర్ (బీమ్ హెచ్చుతగ్గులు చూసే రెండో చాంబర్) ఎక్కడ పెట్టారు మేడమ్? ఫీల్డు మూలలో పెడితే 1×1లో అదే బీమ్‌ని సగం కప్పేస్తుంది. ట్రాన్స్‌మిషన్ చాంబర్ లేకపోతే రిఫరెన్స్ తీసేసి, ఒక్కో బిందువు దగ్గర ఎక్కువ సేపు ఆగి కొలవండి. నెమ్మదిగా జరుగుతుంది, కానీ నమ్మొచ్చు.

జయనగర ఫిజిక్స్:
మూలలోనే పెట్టాం, తీసేశాం. మీరు చెప్పినట్టు సెంటరింగ్ చేస్తే సెమీఫ్లెక్స్ పైకి వచ్చింది, డైమండ్, డయోడ్ సవరణల తర్వాత ఒక శాతం లోపు కలిశాయి. చాలా థాంక్స్.

ఇప్పుడు ఇంకో సమస్య. రిఫరెన్స్ అవుట్‌పుట్ 100 ఎంయూకి 1.00 గ్రే ఉండాల్సింది 0.90 వస్తోంది. గది ఉష్ణోగ్రత 22.0, పీడనం 1013 హెక్టోపాస్కల్. రేపు ఇంజినీరు వచ్చి అవుట్‌పుట్ పెంచుతానంటున్నారు.

పాత బంకర్:
ఇంజినీరుని ఆపండి. యంత్రంలో ఏమీ ముట్టుకోవద్దు. ఆ 1013 ఎక్కడి నుంచి వచ్చింది?

జయనగర ఫిజిక్స్:
బారోమీటర్ క్యాలిబ్రేషన్‌కి వెళ్లింది. ఫోన్‌లో వాతావరణం యాప్ చూసి వేశాం.

పాత బంకర్:
దొంగ దొరికాడు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ అసలు పీడనం 910 హెక్టోపాస్కల్ చుట్టూ ఉంటుంది. యాప్ చూపేది సముద్రమట్టానికి దించి లెక్కకట్టిన పీడనం. వాతావరణం వాళ్లకి ఊళ్లను పోల్చడానికి అది కావాలి, మన చాంబర్‌లో మాత్రం ఆ గాలి లేదు.

లెక్క చూడండి. సరైన పీడనం 912 అనుకుంటే కె-టీపీ (చాంబర్‌లోని గాలి ఉష్ణోగ్రత, పీడనాలకి వేసే సవరణ) = (295.15 ÷ 293.15) × (1013.25 ÷ 912) = 1.119. మీరు వేసింది 1.007. రెండింటి నిష్పత్తి సరిగ్గా మీ 0.90. యంత్రం బాగానే ఉంది. పెంచి ఉంటే ప్రతి రోగికీ 11 శాతం ఎక్కువ వెళ్లేది.

చెన్నైలో ఈ తప్పు చేసినా ఎవరికీ తెలియదు. అక్కడ యాప్ విలువా అసలు విలువా ఒకటి రెండు హెక్టోపాస్కల్‌ల లోపే ఉంటాయి. అక్కడి ఎక్సెల్ షీటు బెంగళూరుకి తెచ్చుకున్నప్పుడే పేలుతుంది.

తాంబరం డోసిమెట్రీ:
మాకూ పూర్తిగా తప్పించుకునే వీలు లేదు సార్. మన ప్రాంతంలో పీడనం రోజులో రెండుసార్లు ఎక్కి దిగుతుంది: ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్, అంటే 0.3–0.4 శాతం. పొద్దున్న రాసుకున్న పీడనంతో సాయంత్రం కొలతలు లెక్కించొద్దు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తప్పితే 0.34 శాతం. ట్యాంకులో అప్పుడే నింపిన నీళ్లు గది ఉష్ణోగ్రతకి రావడానికి గంటలు పడుతుంది కాబట్టి థర్మామీటర్ నీళ్లలో ముంచాలి, గోడకున్న ఏసీ అంకె కాదు.

సర్టిఫికెట్‌లో రిఫరెన్స్ ఉష్ణోగ్రత కూడా చూడండి. 20 డిగ్రీలైతే పైన వేసిన 293.15 సరి. అమెరికా ల్యాబు సర్టిఫికెట్ అయితే 22 ఉంటుంది, హారం 295.15 అవుతుంది. అక్కడ గల్లంతైతే 0.7 శాతం.

జయనగర ఫిజిక్స్:
పక్క విభాగం నుంచి ఆనిరాయిడ్ బారోమీటర్ తెచ్చాం: 911. అవుట్‌పుట్ 1.00 దగ్గరకి వచ్చింది. ఒక అనుమానం. ఇది మేం గమనించకుండా ఉంటే, తల ఫాంటమ్‌తో చేసే ఎండ్-టు-ఎండ్ టెస్టులో పట్టుబడేది కదా?

తాంబరం డోసిమెట్రీ:
పట్టుబడేది కాదు, అదే భయం. ఆ టెస్టులో డోసు కొలిచే ఫిల్ముని క్యాలిబ్రేట్ చేసేది అదే యంత్రం మీద, అదే అవుట్‌పుట్ నమ్మి. అక్కడ 11 శాతం తప్పుంటే ఫిల్ము వక్రంలోకీ అదే ఎక్కుతుంది. తర్వాత ఫాంటమ్‌లో ఫిల్ము, ప్లాను చక్కగా కలిసిపోతాయి. ఫాంటమ్‌లో చాంబర్ పెట్టినా అదే కె-టీపీ. బయటివాళ్ల చేయి పడితేనే ఇది బయటపడుతుంది. మొదటి రోగికి ముందు బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) పోస్టల్ ఆడిట్ డోసిమీటర్లు ఇర్రేడియేట్ చేసి పంపండి. లేదా ఇంకో ఆసుపత్రి నుంచి వాళ్ల చాంబర్, వాళ్ల ఎలక్ట్రోమీటర్, వాళ్ల బారోమీటర్ మూడూ తెప్పించి కొలవండి. చాంబర్ ఒక్కటే అరువు తెస్తే ఉపయోగం లేదు.

ఎండ్-టు-ఎండ్ వేరే వాటికి కావాలి: సీటీ, ప్లాను, ఇమేజింగ్, కౌచ్ అన్నీ కలిసి డోసుని అనుకున్న చోట పెడుతున్నాయా అని. సీటీ స్లైసు 1 మి.మీ. కంటే మందం వద్దు. 20 గ్రే ప్రిస్క్రిప్షన్‌కి ఈబీటీ3 కాకుండా ఈబీటీ-ఎక్స్‌డీ ఫిల్ము వాడండి. క్యాలిబ్రేషన్ ముక్కలూ టెస్టు ముక్కలూ ఒకే లాటువి, ఒకే దిశలో, స్కానర్ మధ్యలో, ఇర్రేడియేట్ చేశాక ఒకే వ్యవధి ఆగి (24 గంటలు సౌకర్యం) స్కాన్ చేయాలి. ఫిల్ము మీద సూదితో గుర్తులు పొడిచి ఫాంటమ్ అక్షాలకి కట్టేయండి. సాఫ్ట్‌వేర్‌లో ఆటో-అలైన్ నొక్కితే మీరు వెతుకుతున్న స్థాన దోషాన్ని అదే తుడిచేస్తుంది. నార్మలైజ్ నొక్కితే డోసు దోషం పోతుంది. గామా (ప్లాను, కొలత ఎంత కలిశాయో చెప్పే స్కోరు) 3 శాతం/1 మి.మీ.లో 98 శాతం వచ్చిందని సంబరపడే ముందు ఈ రెండూ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి. నేనైతే గామా కన్నా ఫిల్ము, ప్లాను 50 శాతం ఐసోడోసు (సమాన డోసు) గీతల మధ్య దూరాన్ని నాలుగు దిక్కులా మిల్లీమీటర్లలో చదవడమే నమ్ముతాను.

కోబాల్ట్ డెస్క్:
గామా నైఫ్ (కోబాల్ట్ మూలాలతో రేడియోసర్జరీ చేసే యంత్రం) వాళ్లకి ఒక ముక్క: అక్కడ 16 మి.మీ. కాలిమేటర్‌తో 80 మి.మీ. వ్యాసార్ధమున్న గోళం ఫాంటమ్ మధ్యలో కొలుస్తారు. పీడనం మాట అక్కడా అంతే. కోబాల్ట్ నెలకి 1.1 శాతం తగ్గుతుంది కాబట్టి, కొలిచింది తేదీకి దించిన విలువతో పోల్చినప్పుడు పది శాతం తేడా కనిపిస్తే కోబాల్ట్‌ని అనుమానించకండి. అది నియమం తప్పదు.

జయనగర ఫిజిక్స్:
చివరిగా ఒకటి. ఒకే ఐసోసెంటర్‌తో (యంత్రం ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో అది) మూడు నాలుగు మెటాస్టాసిస్‌లు (మెదడుకి పాకిన గడ్డలు) చేయొచ్చా? విన్‌స్టన్-లుట్జ్ టెస్టు (చిన్న బంతిని పెట్టి బీమ్ ఐసోసెంటర్‌కే తగులుతోందా చూసేది) అన్ని కోణాల్లోనూ 1 మి.మీ. లోపే వస్తోంది.

పాత బంకర్:
విన్‌స్టన్-లుట్జ్ ఐసోసెంటర్ దగ్గర సంగతి మాత్రమే చెబుతుంది. గడ్డ 6 సెం.మీ. దూరంలో ఉండి తల 1 డిగ్రీ తిరిగితే అక్కడ 1.05 మి.మీ. జరుగుతుంది, అర డిగ్రీకి 0.5 మి.మీ. బంతిని ఐసోసెంటర్ నుంచి 5, 6 సెం.మీ. పక్కన పెట్టి అదే టెస్టు చేయండి. రొటేషన్ సరిదిద్దే 6డీ కౌచ్ లేకపోతే మొదట ఒక్కో గడ్డకి ఒక్కో ఐసోసెంటర్‌తోనే మొదలుపెట్టండి, సమయం ఎక్కువ పట్టినా.

కోన్లు వాడితే జా (బీమ్ వెడల్పుని అదుపుచేసే పలకలు) సైజు ప్లాను కాగితం మీద యూనిట్‌తో సహా రాయండి. 2004లో ఫ్రాన్స్‌లో 40×40 మి.మీ. అనాల్సిన చోట నోటిమాటగా 40×40 అంటే 40×40 సెం.మీ. తెరిచారు, ఆ రోగి చనిపోయాడు. కోన్ పెట్టినప్పుడు జా అంతకంటే తెరవనివ్వని ఇంటర్‌లాక్ మీ యంత్రంలో పనిచేస్తోందా అని కావాలని తప్పు సైజు పెట్టి చూడండి. బీమ్ ఆన్ కాకూడదు.