మీడియా మైనర్: ప్రాక్టికల్ లేకుండా 24 క్రెడిట్లు ఇచ్చేయొచ్చా?

సిలబస్ సుబ్బు:
యూజీసీ 2022 డిసెంబరు ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. అందులో మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టు) 60, మైనర్‌కు (దానికి తోడుగా చదివే సబ్జెక్టు) 24. నాలుగేళ్లయితే 160లో మైనర్ వాటా 32. జర్నలిజం మైనర్ పెట్టే కాలేజీలు ఆ 24నీ ఆరు థియరీ పేపర్లతో లాగించేయొచ్చా? ప్రతి పేపర్‌కీ ప్రాక్టికల్ ఉండి తీరాలా?

మైక్ టెస్టింగ్:
ఉండి తీరాలి. నాలుగు క్రెడిట్ల పేపర్‌ని 3+1గా (థియరీకి మూడు క్రెడిట్లు, ప్రాక్టికల్‌కి ఒకటి) విడగొడితే థియరీకి 45 గంటలు, ప్రాక్టికల్‌కి 30. ఆరు పేపర్లకూ కలిపి 180 గంటలు చేత్తో చేసే పని. స్టూడియో అక్కర్లేదు, ఫోను, కాలర్ మైకు, ట్రైపాడ్, ఇయర్‌ఫోన్లు చాలు. ఐదు నిమిషాల ఆడియో కథనం చేయమనండి. ముగ్గురి గొంతులు ఉండాలి, ఒక నిమిషం పాటు ఆ చోటి సహజ శబ్దం విడిగా పట్టాలి, ఎడిట్ చేయని ఫైళ్లు కూడా అప్పగించాలి. ఆ ఫైళ్లు అడక్కపోతే ఒకరు చేసింది నలుగురి పేరు మీద వస్తుంది. ఫ్యాను కింద రికార్డు చేస్తే ఆ హోరు ఎడిటింగులో పూర్తిగా పోదు. బలవంతంగా తీస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఇది నోట్సు చదివితే తలకెక్కే సంగతి కాదు.

డెస్క్ మనిషి:
బాగుంది గానీ మీ లెక్కలో మాస్టారు ఎక్కడండీ? 60 మంది సెక్షన్‌ని 15 మంది చొప్పున నాలుగు బ్యాచులు చేస్తే పిల్లలకు 30 గంటల ల్యాబు, మాస్టారికి 120 గంటలు. 15 వారాల సెమిస్టర్లో వారానికి 8 గంటలు, అదీ ఒక్క పేపర్‌కే. ఉన్నది ఒక్క గెస్ట్ ఫ్యాకల్టీ అయితే ఏమవుతుందో తెలిసిందే: రికార్డు ఒకరు రాస్తారు, మిగతావాళ్లు దించుతారు, మార్కులు మాత్రం అందరికీ దండిగా పడతాయి. దానికన్నా వారానికో వార్త, 250 పదాల్లో రాయించి, ఎర్ర పెన్నుతో దిద్ది, మళ్లీ రాయించండి. ‘మండల సర్వసభ్య సమావేశం బుధవారం జరిగింది’ అని మొదలుపెట్టే కుర్రాడు ‘బోర్లు ఎండిన మూడు ఊళ్లకు శుక్రవారం నుంచి ట్యాంకర్లు’ అని రాసే దాకా వస్తే నా దృష్టిలో మైనర్ పాసైనట్టే.

ప్రూఫు రీడరు:
ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇద్దరూ వదిలేశారు. మీడియా చట్టాల పేపర్‌ని ఆఖర్న పెట్టి, రిపోర్టింగు ముందే చేయిస్తే ఎలా? పిల్లల్ని ఊళ్లోకి పంపేలోపే బాధితులెవరో బయటపెట్టకూడదనే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్, బీఎన్ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) 72, పరువునష్టానికి అందులోనే 356 చెప్పి తీరాలి. బాలిక పేరు రాయకపోయినా బడి పేరూ తండ్రి పేరూ రాస్తే ఆమెను బయటపెట్టినట్టే. పాత నోట్సులు పరువునష్టం అంటే ఐపీసీ 499 దగ్గరే ఆగిపోయాయి. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ వచ్చేసింది. 1867 నాటి ప్రెస్ చట్టం స్థానంలో 2023లో చేసిన చట్టం కూడా 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. అన్నట్టు, థియరీలో కమ్యూనికేషన్ నమూనాలు చెప్పిన అమెరికా పండితులు లాస్‌వెల్‌కూ షానన్‌కూ పేజీలకు పేజీలిచ్చి, 1902 నాటి కృష్ణా పత్రికనూ 1926 నాటి గోలకొండ పత్రికనూ అరపేజీలో తేల్చేయడం ఏం న్యాయం?

డాలస్ తమ్ముడు:
ఇక్కడ అమెరికాలో మైనర్ చాలాచోట్ల 18 క్రెడిట్ల దగ్గర ఉంటుంది, అంటే దాదాపు 270 క్లాసు గంటలు. మన 24 అంతా థియరీ అయినా 360 గంటలు. కాబట్టి టైము లేదన్న మాట నిలబడదు అన్నా.

సిలబస్ సుబ్బు:
పోనీ రెండు పేపర్లకే, రిపోర్టింగుకీ ఆడియో-వీడియోకీ, 2+2 పెడితే?

మైక్ టెస్టింగ్:
ఒక్కోదానికి 60 గంటల ల్యాబు వస్తుంది. నాకు సమ్మతమే. చట్టాల పేపర్ మాత్రం వీటికి ముందు సెమిస్టర్లో ఉండాలి, ప్రూఫు గారన్నది నిజం.

డెస్క్ మనిషి:
20 మంది చొప్పున మూడు బ్యాచులు చేసినా మాస్టారికి 180 గంటలు. వారానికి 12. ఆ పోస్టు ఎవరిస్తారు?

ప్రూఫు రీడరు:
సెమిస్టర్లో 40 శాతం దాకా కోర్సులు స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) నుంచి తీసుకోవడానికి యూజీసీ 2021 నిబంధనలు ఒప్పుకుంటాయి. కమ్యూనికేషన్ సిద్ధాంతాల్లాంటివి అటు తోసేస్తే ఆ గంటలు ల్యాబుకి మిగులుతాయి.

డెస్క్ మనిషి:
ఒప్పుకుంటాను, రెండు షరతుల మీద. స్వయం సర్టిఫికెట్ పరీక్ష ఫీజు కాలేజీయే కట్టాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఆ ఇంగ్లీషు వీడియోల మీద వారానికో గంట తెలుగులో ట్యుటోరియల్ ఉండాలి. అది టైంటేబుల్లో కనబడాలి.