అలెగ్జాండర్ పెళ్లాడిన రొక్సానా: బాక్ట్రియా ఆడపడుచా, సోగ్దియా ఆడపడుచా?

పాతరాతిపలక

వేరే చర్చలో అలెగ్జాండర్ దండయాత్ర గురించి మాట్లాడుకుంటూ రొక్సానా దగ్గర ఇరుక్కుపోయాం. ఒకరు ఆఫ్ఘన్ రాకుమారి అన్నారు, ఒకరు తజిక్ అన్నారు, ఇంకొకరు పర్షియన్ అని తేల్చేశారు. అక్కడ గోల ఎక్కువైంది కాబట్టి ఇక్కడ విడిగా పెడుతున్నా.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. క్రీ.పూ. 327లో అలెగ్జాండర్ ఆమెను పెళ్లి చేసుకున్నాడు. తండ్రి ఆక్సియార్టెస్, ఆ ప్రాంతంలో పెద్ద దొర. ఇప్పటి ఆము దర్యాను గ్రీకులు ఆక్సస్ అన్నారు. ఆ నదికి దక్షిణాన బాల్ఖ్ చుట్టుపక్కల నేల బాక్ట్రియా, ఉత్తరాన సమర్‌కంద్ వైపు నేల సోగ్దియా.

నా ఓటు బాక్ట్రియాకే. ఆక్సియార్టెస్ తన కుటుంబాన్ని దాచిన కొండకోట ముట్టడి చెప్పేటప్పుడూ, తర్వాత సూసాలో అలెగ్జాండర్ తన సేనానులకు జరిపించిన సామూహిక వివాహాల గురించి రాసేటప్పుడూ గ్రీకు చరిత్రకారుడు అర్రియన్ ఆయన్ను 'బాక్ట్రియావాడు' అనే అన్నాడు. రెండు చోట్ల. ఇంకేం కావాలి?

సమర్‌కంద్‌బాట

ఇంకా చాలా కావాలి మాస్టారూ. అదే అర్రియన్ మూడో భాగం తీయండి. క్రీ.పూ. 329. పర్షియా చక్రవర్తి మూడో డేరియస్‌ను చంపి తానే చక్రవర్తినని చెప్పుకున్న బెస్సస్, ఆక్సస్ దాటి పారిపోతున్నాడు. నాయకుడు పరుగందుకున్నాడని తెలియగానే బాక్ట్రియా రౌతులు ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మరి అతని వెంట నది దాటినవాళ్లు ఎవరు? స్పితమెనెస్, ఆక్సియార్టెస్, వాళ్ల చేతికింద సోగ్దియా గుర్రపు దళం, ఇంకా దహా తెగవాళ్లు. బాక్ట్రియా వాళ్లంతా జారుకుంటే బాక్ట్రియా దొర ఒక్కడు మాత్రం సోగ్దియా సేనతో అవతలి ఒడ్డుకు పోయాడంటే నమ్మాలా?

పైగా భార్యాబిడ్డల్ని దాచింది ఎక్కడ? సోగ్దియా కొండ మీద. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా పెళ్లాం పిల్లల్ని తనవాళ్ల దగ్గరే పెడతారు.

గుంటూరుకారం

ఇంతమంది పండితులు ఉన్నారు, ఒక్కరికీ తట్టలేదా? రొక్సానా అంటే రోచన. బాక్ట్రియా అంటే బాహ్లికం. భారతంలో శంతనుడి అన్న బాహ్లికుడు, ఆయన కొడుకు సోమదత్తుడు, మనవడు భూరిశ్రవుడు. ముగ్గురూ కురుక్షేత్రంలో ఉన్నారు. అమ్మాయి మనదే, వాళ్లెందుకు కొట్టుకుంటున్నారో!

లిపిగాడు

గుంటూరు గారూ, చుట్టరికం ఉంది గానీ మీరు కలిపిన వరుస తప్పు. ఆ పేరు పాత ఇరానీ భాషలది, వెలుగు అని అర్థం. మన రోచిస్సు, రుచి ఏ ధాతువు నుంచి వచ్చాయో దానికి తోడబుట్టినదే. అంతమాత్రాన ఆమె సంస్కృతం మాట్లాడిందని కాదు. బాక్ట్రియా వాళ్లదీ సోగ్దియా వాళ్లదీ కూడా తూర్పు ఇరానీ శాఖే కాబట్టి, ఈ పేరు పెట్టుకుని ఇద్దరిలో ఎవరన్నదీ తేల్చలేం.

ఇక బాహ్లికుల మాట. కర్ణపర్వంలో కర్ణుడు శల్యుణ్ణి తిట్టేటప్పుడు వచ్చే బాహ్లికులు, వాహికులు పంజాబు నదుల మధ్య ఉన్నవాళ్లు. ప్రతి బాహ్లికుణ్ణీ బాల్ఖ్‌కు పంపేయడం కుదరదు. అయితే బాక్ట్రియాకు ఆనుకుని ఉన్న భారతీయులు అలెగ్జాండర్ డేరియస్‌ను ఓడించిన గౌగమేలా యుద్ధంలో బెస్సస్ కిందే పోరాడారు, ఆ మాట అర్రియన్ రాశాడు. బాక్ట్రియావాళ్లు, సోగ్దియావాళ్లు, ఈ భారతీయులు అని మూడు పేర్లూ వేరువేరుగానే చెప్పాడు. పొరుగువాళ్లం, అంతే.

చరిత్రకొత్త

మధ్య ఆసియా అంటే టర్కులే కదా? ఉజ్బెక్, కజక్ అందరూ ఆ భాషలవాళ్లే. మరి ఈమె టర్కు ఎందుకు కాకూడదు?

లిపిగాడు

కాలం కుదరదు. టర్కుల రాజ్యం సోగ్దియా మీదికి వచ్చింది క్రీ.శ. 6వ శతాబ్దంలో. అప్పటికి ఈమె పోయి ఎనిమిది వందల ఏళ్లు దాటింది.

పాతరాతిపలక

సమర్‌కంద్ గారూ, సోగ్దియా రౌతులను నడిపితే సోగ్దియావాడు అయిపోతాడా? జిల్లా కలెక్టరు ఏ జిల్లాలో పనిచేస్తే ఆ జిల్లావాడు అవుతాడా? ఇదే ఆక్సియార్టెస్‌ను అలెగ్జాండర్ తర్వాత పరోపమిసస్‌కు, అంటే హిందూకుష్, కాబూల్ వైపుకు క్షత్రపుణ్ణి (రాష్ట్ర పాలకుణ్ణి) చేశాడు. అల్లుడు పోయాక జరిగిన పంపకాల్లో కూడా ఆ పదవి ఆయనకే ఉంచారు. ఆ లెక్కన కాబూల్ వాడు కూడా అనాలి.

ఇంకోటి. గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో రెండు కొండకోటల గురించి చెప్పాడు. ఒకటి బాక్ట్రియాలో, సిసిమిత్రెస్‌ది. రెండోది సోగ్దియాలో, ఆక్సస్ కొండ, దాన్నే కొందరు అరియమజెస్ కొండ అంటారని రాశాడు. ఆక్సియార్టెస్ కూతుర్ని ఉంచిందీ, పెళ్లి జరిగిందీ మొదటిదాంట్లోనే అంటాడు. బాక్ట్రియాలో! మీ 'తనవాళ్ల దగ్గర దాస్తాడు' సూత్రం ఇప్పుడు నాకే పనికొస్తుంది.

సమర్‌కంద్‌బాట

స్ట్రాబో ఒకటి అంటాడు, అర్రియన్ ఒకటి అంటాడు. రోమన్ చరిత్రకారుడు కర్టియస్ దగ్గరికి వెళ్తే కొండ మీద పట్టుబడిన సంగతే లేదు. విందులో ముప్పై మంది దొరల అమ్మాయిలను తీసుకొచ్చారు, వాళ్లలో ఈమెను చూసి మనసు పడ్డాడు, రొట్టెను కత్తితో కోసి చెరిసగం తిన్నారు, పెళ్లైపోయింది. ఏది కావాలంటే అది ఏరుకుంటే ఎలా?

మీరు పట్టుకుని వేలాడుతున్న 'బాక్ట్రియావాడు' అన్న మాట గట్టిదేనా అని ఒక్కసారి చూడండి. సూసా పెళ్లిళ్ల జాబితా, క్రీ.పూ. 324. అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్‌కు ఇచ్చిన పిల్ల అపామా. ఆమె తండ్రి స్పితమెనెస్‌ను అర్రియన్ అక్కడ ఏమన్నాడు? 'బాక్ట్రియావాడు' అనే! సమర్‌కంద్‌లో అలెగ్జాండర్ దండును ముట్టడించి, సోగ్దియా తిరుగుబాటుకు తలకాయగా నిలిచిన స్పితమెనెస్ కూడా బాక్ట్రియావాడే అయితే, ఆ మాటకు అర్రియన్ దగ్గర ఎంత విలువ ఉందో మీరే చెప్పాలి. ఆయన రాసింది సంఘటన జరిగిన నాలుగు వందల ఏళ్ల పైన.

ఆక్సస్‌ఒడ్డున

ఇద్దరి మాటలూ చదివాను. ఇద్దరూ నదినే గట్టు అనుకుని మాట్లాడుతున్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆక్సస్ రెండు దేశాలకు సరిహద్దు అన్నది గ్రీకు రచయితల లెక్క. తవ్వకాలు చూస్తే కథ వేరు. వఖ్ష్, పంజ్ నదులు కలిసే చోట ఉత్తరపు ఒడ్డున, ఇప్పటి తజికిస్తాన్‌లో, తఖ్త్-ఇ-సంగిన్ ఉంది. ఆక్సస్ నది దేవుడి గుడి అది. దాన్నీ, ఉజ్బెకిస్తాన్ దక్షిణాన సుర్ఖాన్ దర్యా లోయనూ పురావస్తువాళ్లు ఉత్తర బాక్ట్రియా అనే పిలుస్తారు. నది అవతల కూడా బాక్ట్రియానే. అసలు గట్టు ఇంకా పైన, హిస్సార్ కొండల్లో, దేర్బెంత్ దగ్గరున్న 'ఇనుప ద్వారం' కనుమ. తర్వాత కుషాణుల కాలంలో అడ్డుగోడ కట్టింది కూడా అక్కడే. సోగ్దియా కొండను వెతికిన పరిశోధకుల్లో పలువురు ఆ చుట్టుపక్కలనే చూపిస్తున్నారు.

ఆక్సియార్టెస్ అన్న పేరులో కూడా ఆ నదే ఉంది. వఖ్షు అని మొదలయ్యే పేర్లు బాక్ట్రియాలో మామూలు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అక్కడి పాలకులు తోలు మీద, కర్రల మీద అరమాయిక్‌లో రాయించిన కాగితాలు బయటపడ్డాయి, వాటిలో ఇలాంటి పేర్లు చాలానే కనిపిస్తాయి. వాటిలో ఒకటి అలెగ్జాండర్ 7వ పాలనా సంవత్సరానిది, అంటే ఇంచుమించు ఈ గొడవలు జరిగిన కాలానిది. (నన్నడిగితే అర్రియన్, స్ట్రాబో ఇద్దరినీ పక్కన పెట్టి వీటినే ముందు చదవాలి. లెక్కల మనుషులు రాసినవి, కథ చెప్పాలన్న ఆరాటం వాటిలో లేదు.)

ఇలా చూస్తే ముక్కలు కలుస్తాయి. నదికి ఉత్తరాన, హిస్సార్ కొండలకు దిగువన భూములున్న బాక్ట్రియా కుటుంబం. పక్కనే ఉన్న సోగ్దియా రౌతుల మీద పట్టు. పర్షియన్ల పాలనలో గౌగమేలా నాటికి సోగ్దియా సేన బాక్ట్రియా క్షత్రపుడు బెస్సస్ ఆజ్ఞ కిందే ఉంది కాబట్టి అదేమీ వింత కాదు. కొండ మాత్రం గ్రీకువాళ్లకు ఒకరికి సోగ్దియాలో, ఒకరికి బాక్ట్రియాలో కనబడింది. స్పితమెనెస్‌ను బాక్ట్రియావాడు అనడం కూడా ఇలాంటి పాలనాపరమైన మాటే కావచ్చు. అయితే ఇరాన్‌లోని బెహిస్తూన్ శాసనంలో పర్షియా చక్రవర్తి మొదటి డేరియస్ బాక్ట్రియాను, సోగ్దియాను వేరు వేరు దేశాలుగానే చెక్కించాడు, కాబట్టి రెండూ ఒకటే అని మాత్రం అనను.

చరిత్రకొత్త

మరి పర్షియన్ రాకుమారి అని ఎందుకంటున్నారు? ఇన్ని వాదనలు ఎందుకు, డీఎన్ఏ పరీక్ష చేస్తే తేలిపోదా? గ్రీసులో ఆమె సమాధి దొరికిందని చదివాను.

లిపిగాడు

తర్వాతి కాలపు సికందరు కథల్లో ఆమెను డేరియస్ కూతుర్ని చేసేశారు. పర్షియన్ కావ్యాల్లో రోషనక్ అంటే ఆమే. రాజుకు రాజు కూతురే కావాలి కదా. నిజానికి డేరియస్ కూతురు స్టాటైరా వేరే. ఆమెను ఆ తర్వాత చంపించింది రొక్సానాయే అని ప్లూటార్క్ రాశాడు.

మీరు చదివింది ఆంఫిపోలిస్ కస్తా సమాధి అయ్యుంటుంది. అలెగ్జాండర్ తర్వాత మాసిడోనియాను ఏలిన కస్సాండర్ రొక్సానాను, ఆమె కొడుకును బంధించి చంపించింది ఆ ఊళ్లోనే, సుమారు క్రీ.పూ. 310లో. అందుకే 2014లో ఆ సమాధి తెరిచినప్పుడు ఆమెదేమోనని పేపర్లన్నీ రాశాయి. తీరా ఎముకలు చూస్తే స్త్రీ వయసు 60 పైన. రొక్సానా అంత వయసు దాకా బతకలేదు. పరీక్ష చేయడానికి ఆమె ఎముకంటూ ఒక్కటీ మన చేతిలో లేదు.

గుంటూరుకారం

సరే, రోచన మనది కాదు. భూరిశ్రవుణ్ణి మాత్రం వదలను.

సమర్‌కంద్‌బాట

ఆక్సస్ గారి వాదన బాగుంది గానీ ఒక మెలిక మిగిలింది. పెళ్లి అయ్యాక అలెగ్జాండర్ పారెతాకె కొండలకు వెళ్లి ఖోరియెనెస్ కోటను చుట్టుముట్టాడు. లొంగిపొమ్మని నచ్చజెప్పడానికి పంపింది ఈ ఆక్సియార్టెస్‌నే. ఖోరియెనెస్ ఆయన మాట విని దిగొచ్చాడు. అంటే ఆ కొండల్లో మాట చెల్లే మనిషి, బయటి అధికారి కాదు, కలెక్టరు పోలిక అక్కడే తేలిపోయింది. ఇక ఆ పారెతాకెను బాక్ట్రియాలో కలుపుతారా, సోగ్దియాలో కలుపుతారా? ముందు అది చెప్పండి, ఓటు మార్చుకోవాలో లేదో అప్పుడు చూస్తా.