ఒకే రెసిపీ, మూడు కాలాలు, మూడు రకాల తలనొప్పులు: సబ్బు ఎక్కడ తేడా కొడుతోంది?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఏడాది నుంచి ఇంట్లో కోల్డ్ ప్రాసెస్ పద్ధతిలో, అంటే ఉడికించకుండా నూనెల్లో లై (కాస్టిక్ సోడా) నీళ్లు కలిపి, సబ్బు చేస్తున్నాను. రెసిపీ ఎప్పుడూ ఒక్కటే. కొబ్బరి నూనె 150 గ్రాములు, ఆలివ్ నూనె 250, షియా బటర్ 75, ఆముదం 25. లై 70 గ్రాములు, నీళ్లు 140. తూకం డిజిటల్ కాటా మీదే వేస్తాను, ఉజ్జాయింపుగా ఏదీ వెయ్యను.

అయినా చలికాలంలో పోసిన సబ్బు మీద తెల్లగా బూడిద పట్టింది. ఎండాకాలంలో తేనె వేసి చేస్తే మధ్యలో నిలువునా పగిలి ఉబ్బింది. మొన్న వానల్లో గ్లిజరిన్ బేస్ (తయారుగా దొరికే సబ్బు ముద్ద) కరిగించి పోసిన సబ్బులకైతే పొద్దున చూసేసరికి చెమట పట్టినట్టు నీటి బొట్లు. గులాబీ రేకులు వేసినవి నల్లబడ్డాయి, అది వేరే బాధ.

ఇప్పుడు ఒక్కో కాలానికి ఒక్కో సబ్బు చేసి దగ్గరవాళ్లకి ఇద్దామని ఉంది. ఏ కాలానికి ఏం మార్చాలి? నూనెలా, సువాసనా, రంగా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:

మీ రెసిపీలో తప్పు లేదండీ. ముందు ఆ టెన్షన్ వదిలెయ్యండి. లెక్క వేసి చూశాను. మీ నూనెలన్నీ పూర్తిగా సబ్బు కావాలంటే దాదాపు 74 గ్రాముల లై కావాలి. మీరు 70 వేస్తున్నారు కాబట్టి 5 శాతం నూనె సబ్బు కాకుండా మిగులుతుంది. ఒంటికి వాడే సబ్బుకి అది సరైన కొలత. లైకి రెట్టింపు నీళ్లు అన్నదీ బాగానే ఉంది.

తేడా వస్తున్నది ఇంకో చోట. సబ్బు పోసే రోజు, వాడే రోజు ఒకే కాలంలో ఉండవు. పోశాక 4 నుంచి 6 వారాలు ఆరాలి కదా. చలికి వాడే సబ్బుని ఇంకా వాన పడుతుండగానే పోస్తాం. అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: నూనెల పాళ్లు వచ్చే కాలాన్ని బట్టి, చేతిపని ఇప్పుడున్న కాలాన్ని బట్టి. ఈ రెండూ కలిపేసి ఆలోచించినన్నాళ్లూ నాకూ సబ్బులు పాడయ్యాయి.

నూనెల సంగతి ముందు. కొబ్బరి నూనె నురగ బాగా ఇస్తుంది, మురికి బాగా తీస్తుంది, కానీ ఎక్కువైతే చర్మం బిగుసుకుపోతుంది. చలికాలం చర్మానికి అది పడదు. అప్పటి కోసం కొబ్బరి 100కి తగ్గించి ఆలివ్ 275, షియా 100 చెయ్యండి, ఆముదం 25 అలాగే ఉంచండి. 7 శాతం నూనె మిగిలేలా లై సుమారు 66 గ్రాములు, నీళ్లు 132. ఎండల్లో చెమటకి వాడే సబ్బుకి ఎదురు దిశలో వెళ్లండి. కొబ్బరి 175, ఆలివ్ 250, షియా 50, ఆముదం 25. దీనికి 5 శాతం మిగిలేలా లై 71.5, నీళ్లు 143. ఒక్క నూనె మార్చినా లై మారుతుంది, ఎందుకంటే కొబ్బరి నూనె గ్రాముకి దాదాపు 0.183 గ్రాముల లై తీసుకుంటుంది, ఆలివ్ నూనెకి 0.135 చాలు. అందుకే నేను ఇచ్చిన అంకెల్ని కూడా నూనెల తూకం ఇస్తే ఎంత లై కావాలో చెప్పే లై కాలిక్యులేటర్‌లో మళ్లీ వేసి చూసుకోండి. మీరు వేసే ప్రతి సబ్బుకీ ఇదే అలవాటు చేసుకోండి.

ఇక చేతిపని.

చలికాలంలో మీ సబ్బు మీద పట్టింది సోడా యాష్. పైపొరలో ఇంకా కలవని లై, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సోడియం కార్బొనేట్ అవుతుంది. హాని లేదు, చూడ్డానికే బాగోదు. గది చల్లగా ఉంటే సబ్బు గట్టిపడడం ఆలస్యమవుతుంది, పైపొర అంతసేపు గాలికి ఉంటుంది, బూడిద ఎక్కువ పడుతుంది. పోసిన వెంటనే అచ్చు మీద మూత పెట్టి తువ్వాలు చుట్టండి. నీళ్లు కూడా కొంచెం తగ్గించవచ్చు, 140 బదులు 125. పట్టేసిన బూడిదని ఆవిరి చూపించి తుడిస్తే పోతుంది.

చలిలో ఇంకో మోసం ఉంది, ఇది తెలియక చాలామంది పప్పులో కాలేస్తారు. షియా బటర్ చల్లారగానే మళ్లీ గట్టిపడుతుంది. బ్లెండర్ తిప్పుతుంటే గిన్నెలో మిశ్రమం చిక్కబడినట్టు కనిపిస్తుంది, ట్రేస్ (లై, నూనె కలిసి చిక్కబడే దశ) వచ్చేసిందని పోసేస్తాం. నిజానికి లై, నూనె ఇంకా కలవనే లేదు, గట్టిపడింది కొవ్వు మాత్రమే. మర్నాడు చూస్తే అచ్చు అడుగున లై నీళ్లు, పైన నూనె. అందుకే చలి రోజుల్లో నూనెలు, లై నీళ్లు రెండూ 40 నుంచి 43 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కలపండి. అసలు ట్రేస్ ఎలా ఉంటుందంటే, గరిటె ఎత్తి మిశ్రమాన్ని తీగలా జారవిడిస్తే ఆ గీత పైన కాసేపు నిలిచి నెమ్మదిగా లోపలికి కలిసిపోవాలి. అంచుల దగ్గర నూనె మెరుపు ఎక్కడా కనిపించకూడదు. అనుమానం ఉంటే గిన్నెని గోరువెచ్చని నీళ్లలో ఉంచి మళ్లీ తిప్పండి. కొవ్వు కరిగి మిశ్రమం పలచబడితే అది దొంగ ట్రేస్ అన్నమాట.

ఎండాకాలంలో పగిలినదానికి కారణం తేనె. తీపి ఏది పడినా, పాలు పడినా, సబ్బు లోపల వేడి పెరుగుతుంది. బయట ఎండ, లోపల ఆ వేడి, రెండూ కలిసి మధ్యలో ఉబ్బి పగులుతుంది. ఆ రోజుల్లో 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కలపండి, తువ్వాలు చుట్టకండి, అచ్చుకి అడుగున కూడా గాలి తగిలేలా జల్లెడలాంటి స్టాండ్ మీద పెట్టండి. 500 గ్రాముల నూనెకి తేనె ఒక టీ స్పూను చాలు, కాసిని నీళ్లలో కరిగించి ట్రేస్ దగ్గర వెయ్యండి. ఆ కాసిని నీళ్లని ముందే రెసిపీ నీళ్లలోంచి తీసి పక్కన పెట్టుకోండి. పాలతో చేస్తే పాలని ముందే గడ్డకట్టించి ఆ ముక్కల మీద లై కొద్దికొద్దిగా వేసుకుంటూ కలపాలి. లేకపోతే పాలు మాడి నారింజ రంగుకి తిరుగుతాయి.

వానాకాలం చెమట మాత్రం సబ్బు తప్పు కాదు. గ్లిజరిన్ గాలిలోని తేమని లాక్కుంటుంది. కరిగించి పోసే బేసుల్లో గ్లిజరిన్ విడిగా కలుపుతారు కాబట్టి వాటికే ఈ బాధ ఎక్కువ. అచ్చులోంచి తీసిన వెంటనే క్లింగ్ ఫిల్మ్ బిగించి చుట్టెయ్యండి. త్వరగా గట్టిపడాలని ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీసీతియ్యగానే ఇంకా ఎక్కువ తేమ పడుతుంది. లైతో చేసిన సబ్బుని మాత్రం ఆరకముందు చుట్టకూడదు. వాటిని మధ్యలో రెండు వేళ్లు పట్టేంత ఖాళీతో నిలబెట్టి, ఫ్యాన్ గాలి తగిలే చోట పెట్టి, వారానికోసారి తిప్పుతుండండి. తేమ రోజుల్లో 4 వారాలకి ఆరదు. నేను 6 వారాలు ఉంచి, ప్రతి వారం ఒకే సబ్బుని కాటా మీద పెట్టి చూస్తాను. వరసగా రెండు వారాలు బరువు మారకపోతే అప్పుడు చుడతాను.

ఇంకో మాట, మీ లై డబ్బా మూత. కాస్టిక్ సోడా కూడా గాలిలోంచి తేమ లాక్కుంటుంది. వానాకాలంలో మూత సరిగ్గా బిగించకపోతే గింజలు ముద్దకట్టి, తూకంలో నీటి బరువు కూడా కలిసిపోతుంది. 70 గ్రాములు తూచినా అసలు లై అంత ఉండదు. సబ్బు మెత్తగా, జిడ్డుగా వస్తే ముందు ఆ డబ్బానే చూడండి.

అడిగినవారు:

ఎంత ఓపికగా రాశారండీ, చాలా థ్యాంక్స్. నా లై డబ్బా నిజంగానే ముద్దకట్టి ఉంది, ఇప్పుడే చూశాను. కొత్తది తెస్తాను. రంగు, సువాసన గురించి కూడా చెప్తారా? చలికాలానికి లవంగం, దాల్చినచెక్క నూనెలు వేద్దామనుకుంటున్నాను. గులాబీ రేకులకి బదులు బీట్‌రూట్ రసం వేస్తే ఎరుపు వస్తుందా?

మరో సభ్యురాలు:

బీట్‌రూట్ వద్దమ్మా, నేను వేసి చూశాను. గిన్నెలో ఎర్రగానే ఉంది, లై తగలగానే గోధుమ రంగుకి తిరిగింది. మందారం కూడా అంతే. గులాబీ రేకులు, లావెండర్ మొగ్గలు అన్నీ లైకి నల్లబడతాయి. రంగు నిలిచే పువ్వు నాకు తెలిసి కాలెండ్యులా (బంతిలాంటి పువ్వు) ఒక్కటే, ఆ పసుపు చెక్కుచెదరదు. ఎరుపు, గులాబీ ఛాయలు కావాలంటే పింక్ క్లే (గులాబీ రంగు బంకమట్టి పొడి) వాడండి. 500 గ్రాముల నూనెకి ఒక స్పూను, కాసిని నీళ్లలో ముందే తడిపి కలుపుకోవాలి. పొడిగా వేస్తే ఉండలు కడుతుంది. పసుపు పొడి వేస్తే మొదట ఇటుక రంగుకి తిరుగుతుంది, కంగారు పడకండి. ఆరేకొద్దీ నెమ్మదిగా పసుపు ఛాయకి వస్తుంది. చిటికెడు మించితే తువ్వాలుకి మరకలు.

జవాబు:

ఈవిడ చెప్పింది అక్షరాలా నిజం.

లవంగం, దాల్చినచెక్క విషయంలో జాగ్రత్త. రెండూ ట్రేస్‌ని అమాంతం తెచ్చేస్తాయి. గరిటె తిప్పేలోపే గిన్నెలో గడ్డకట్టి అచ్చులోకి పోయడం కుదరదు. చర్మం మీద మండుతాయి కూడా, దాల్చినచెక్క మరీను. దాన్ని నేను పూర్తిగా మానేశాను. లవంగ నూనె మాత్రం 500 గ్రాముల నూనెకి 2 గ్రాములు దాటించను, అదీ చివర్లో, బ్లెండర్ ఆపి గరిటెతో కలుపుతాను. చలికాలం వెచ్చదనం కావాలంటే నారింజ నూనెకి ప్యాచూలి ఆకుల నూనె జోడించండి. నారింజ వాసన ఒక్కదాన్నే వేస్తే ఆరేలోపే ఎగిరిపోతుంది, ప్యాచూలి పక్కన ఉంటే కొంతకాలం నిలుస్తుంది. ఎండలకి నిమ్మగడ్డి నూనె బాగుంటుంది, సబ్బులో వాసన చక్కగా నిలబడుతుంది. పుదీనా నూనె చల్లగా అనిపిస్తుంది గానీ ఎక్కువైతే సున్నితమైన చోట్ల చురుక్కుమంటుంది, నేను 5 గ్రాములకి ఆపుతాను. వానాకాలానికి వట్టివేరు. తడి మట్టి వాసనకి అంత దగ్గరగా వచ్చే నూనె నేను ఇంకొకటి చూడలేదు. ఏ నూనెలు కలిపినా మొత్తం 15 గ్రాములు, అంటే నూనెల బరువులో 3 శాతం దాటకండి. పసిపిల్లలకి, గర్భిణులకి ఇచ్చే సబ్బులో అసలు సువాసనే వద్దు.

వెనిలా సెంటు వేస్తే సబ్బు నెమ్మదిగా గోధుమ రంగుకి తిరుగుతుంది, అది ముందే తెలిసి ఉంటే ఆ రంగునే డిజైన్‌లో వాడుకోవచ్చు.

అడిగినవారు:

సబ్బుతో పాటు బాత్ బాంబులు (స్నానపు నీళ్లలో వేస్తే బుసబుస పొంగే ఉండలు), చక్కెర స్క్రబ్ కూడా పెడదామనుకున్నాను. వానాకాలంలో కుదురుతుందా?

జవాబు:

బాత్ బాంబు మాత్రం పొడి రోజు చూసి చెయ్యండి. వంటసోడా 200 గ్రాములు, సిట్రిక్ యాసిడ్ 100, కార్న్ స్టార్చ్ (తెల్లటి మొక్కజొన్న గంజి పొడి) 50, ఏదైనా నూనె 15. వంటసోడా, సిట్రిక్ యాసిడ్ కలిసినచోట తేమ తగిలితే చాలు, అచ్చులోనే పొంగి ఉబ్బుతాయి. తొట్టిలో వేసినప్పుడు ఇక బుస ఉండదు. అందుకే నీళ్లు చల్లకుండా, స్ప్రే బాటిల్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు మూడు సార్లు మాత్రమే కొట్టండి. పిడికిట్లో గట్టిగా నొక్కి వేళ్లు తెరిస్తే ముద్ద విడిపోకుండా నిలబడాలి, వేలితో తాకితే మాత్రం రాలిపోవాలి. అంత తడి చాలు. కిటికీ తెరిచి, దగ్గర్లో పొయ్యి వెలగకుండా చూసుకోండి. ఒక రోజు ఆరనిచ్చి గాలి చొరబడని డబ్బాలో పెట్టెయ్యండి. తొట్టి లేనివాళ్లకి చిన్నవి చెయ్యండి, బేసిన్‌లో వేసుకుని పాదాలు నానబెట్టుకుంటారు.

స్క్రబ్‌కి చక్కెర రెండు వంతులు, నూనె ఒక వంతు. ఇందులో నీళ్లు లేవు కాబట్టి చేసేటప్పుడు ఇబ్బంది లేదు. కానీ బాత్రూమ్‌లో తడి వేళ్లు ముంచితే అందులోకి నీళ్లు చేరి బూజు పడుతుంది. చిన్న సీసాల్లో పోసి చెంచా జతగా ఇవ్వండి, నీళ్లున్న మిశ్రమాలకి పనిచేసే ప్రిజర్వేటివ్ కూడా తగిన మోతాదులో కలపండి. కాళ్ల కింద నేల జారుతుందని సీసా మీద రాయడం మర్చిపోకండి. పెద్దవాళ్లున్న ఇంటికి ఇస్తే నోటితో కూడా చెప్పండి.

మరో సభ్యురాలు:

ఇన్ని మాట్లాడాక లై గురించి ఒక మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఇది చదివి మొదటిసారి చేసేవాళ్లూ ఉంటారు. లైని నీళ్లలో వెయ్యాలి, లై మీద నీళ్లు పొయ్యకూడదు. కలపగానే నీళ్లు దాదాపు మరిగేంత వేడెక్కి ఆవిరి వస్తుంది, మొహం పక్కకి పెట్టండి. గాగుల్స్, గ్లౌజులు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వద్దు, లై దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. స్టీలు గానీ మందపాటి ప్లాస్టిక్ జగ్గు గానీ వాడండి. చర్మం మీద పడితే వెనిగర్ కోసం వెతక్కుండా ధారగా నీళ్లు పోస్తూనే ఉండండి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆస్పత్రికి వెళ్లాలి. పిల్లలు నిద్రపోయాకే నేను లై డబ్బా తీస్తాను.

అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం కొత్త లైతో చలికాలం సబ్బు పోస్తాను. ప్రస్తుతం వానలు కాబట్టి ఫ్యాన్ కింద 6 వారాలు ఆరబెడతాను. అచ్చు మీద తేదీ, గది వేడి, తూకం మూడూ రాసి పెట్టి, ఆరాక ఫోటోతో ఇక్కడే చెప్తాను.