‘గ్రహపూర్వ చక్రం’ అనొచ్చా?

ప్రశ్న: ఇప్పుడిప్పుడే పుట్టిన నక్షత్రాల చుట్టూ వాయువు, ధూళి బిళ్ళలా పరుచుకుని తిరుగుతుంటాయి కదా, దాన్ని ఒక వ్యాసంలో ‘గ్రహపూర్వ చక్రం’ అని రాశాను. ‘పూర్వ’ నప్పలేదని ఒకరన్నారు. గ్రహాలకు ముందుండేదే కదండీ, ఇబ్బందేముంది?

జవాబు: ఆ మాట వింటే ముందు చక్రం, అది అయిపోయాక గ్రహాలు అన్నట్టుంది. అక్కడ జరిగేది అలా కాదు. పీడీఎస్ 70 అనే నక్షత్రం మనకు దాదాపు 370 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వయసు సుమారు 50 లక్షల ఏళ్ళు. దాని చక్రంలో పెద్ద ఖాళీ, ఆ ఖాళీలో రెండు గ్రహాలు. ఒకటి 2018లో, రెండోది 2019లో బయటపడ్డాయి. చుట్టూ చక్రం ఉండగానే గ్రహాలు తయారైపోయాయన్నమాట! హెచ్‌ఎల్ టౌరీ అనే నక్షత్రం ఇంకా పసిది, ఓ పది లక్షల ఏళ్ళది. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుల సముదాయం 2014లో తీసిన దాని చిత్రంలో వలయాలు, వాటి మధ్య నల్లటి సందులు స్పష్టంగా ఉన్నాయి. ఆ సందులన్నీ గ్రహాలు చేసినవేనా అన్నది తేలలేదు గానీ, ‘పూర్వ’ మాత్రం నిలవదు. ‘గ్రహజనక చక్రం’ అనండి.

మరొకరు: నా పేచీ ‘చక్రం’ మీద. బండి చక్రం మొత్తం ఒక్కసారిగా తిరుగుతుంది. ఇది అలా తిరగదు. సూర్యుడంత నక్షత్రమైతే, భూమి ఉన్న దూరంలో చుట్టుకి ఏడాది, దానికి వంద రెట్ల దూరంలో చుట్టుకి వెయ్యేళ్ళు. పైగా వాయువుకి తన ఒత్తిడే కొంత ఆసరా కాబట్టి ధూళి కంటే కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. గులకరాయంత ఎదిగిన రేణువుకి అది ఎదురుగాలే. వేగం తగ్గి, నక్షత్రం వైపు జారిపోతుంది. గ్రహాల పుట్టుక లెక్కలు కట్టేవాళ్ళకి ఇదే పెద్ద తలనొప్పి. ఇంత కథని ‘చక్రం’ దాచేస్తుంది. ‘పళ్ళెం’ నయం, బయటికి పోయేకొద్దీ మందం పెరగడం కూడా అందులో వస్తుంది.

జవాబు: పేరు నిర్వచనం కానక్కర్లేదండీ. సూర్యుడు ఉదయించడని తెలిసీ సూర్యోదయం అంటున్నాం. ‘చక్రం’ ఉండనివ్వండి.

ప్రశ్న: సరే. మరి వాయువు పోయాక మిగిలేదాన్ని ‘అవశేష చక్రం’ అనొచ్చా?

జవాబు: అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. వాయువు కొంత నక్షత్రంలో పడుతుంది, కొంత నక్షత్రపు అతినీలలోహిత, ఎక్స్ కిరణాల వేడికి ఎగిరిపోతుంది. చాలావాటికి కొన్ని పదుల లక్షల ఏళ్ళలోనే ఈ పని పూర్తవుతుంది. కోటి ఏళ్ళ వయసులోనూ వాయువు నిలుపుకున్న టీడబ్ల్యూ హైడ్రే లాంటి నక్షత్రాలు అరుదు. ఆ తర్వాత కనిపించే ధూళి పాతది కాదు. 1983లో ఐరాస్ ఉపగ్రహం అభిజిత్ నక్షత్రం చుట్టూ పసిగట్టిన ధూళినే తీసుకోండి. సన్నటి ధూళి ఎక్కువ కాలం నిలవదు, నక్షత్రకాంతే తోసేస్తుంది, లేదా లోపలికి లాగేస్తుంది. అయినా ఉందంటే, పెద్ద రాళ్ళు గుద్దుకుని ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టిస్తున్నాయని అర్థం. అందుకే ‘శకల చక్రం’ అనడం మేలు. ‘అవశేషం’ అంటే మొదటి ధూళే మిగిలిపోయిందనుకుంటారు.