మన ఐటీ కొలువులు, అమెరికా మధ్యతరగతి: నష్టపోయింది ఎవరు?

ప్రశ్న (డిగ్రీ అధ్యాపకుడు, హనుమకొండ):
విదేశాలకు పని అప్పగించే అమెరికా కంపెనీల చెల్లింపులపై 25 శాతం పన్ను వేయాలంటూ సెనేటర్ బెర్నీ మొరీనో 2025 సెప్టెంబరులో బిల్లు ప్రతిపాదించిన నాటి నుంచి మా అర్థశాస్త్రం తరగతిలో వాదన ఆగడం లేదు. అక్కడివాళ్ల నోటికాడి కూడు మనం లాక్కున్నామని కొందరు, పని చౌకగా జరగడం వల్ల బాగుపడింది వాళ్లేనని మరికొందరు అంటున్నారు. పనులు దేశం దాటిపోవడం వల్ల అక్కడి మధ్యతరగతికి నిజంగా ఎంత నష్టం జరిగిందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (విశ్రాంత బ్యాంకు అధికారి, వరంగల్):
సార్, మీ విద్యార్థుల్లో రెండు వర్గాల మాటా నిజమే, కాకపోతే వాళ్లు వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నారు. సరుకు చౌక కావడం వల్ల వచ్చే లాభం చొక్కా మీద కొంత, టీవీ మీద కొంత అంటూ దేశమంతా పంచుకుంటే, నష్టం మాత్రం కొన్ని ఊళ్ల మీదే మూకుమ్మడిగా పడింది. 2000లో అమెరికా తయారీ రంగంలో 1.7 కోట్ల మందికి పైగా పనిచేసేవారు, 2010 నాటికి వారి సంఖ్య సుమారు 1.15 కోట్లకు పడిపోయింది. ఇదంతా విదేశాల వల్లేనని రాజకీయ నాయకులు చెప్పుకోవచ్చు గానీ, ఇందులో యంత్రాలకూ 2008 మాంద్యానికీ పెద్ద వాటాయే ఉంది. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్, ఆయన సహచరుల అంచనా ప్రకారం 1999–2011 మధ్య చైనా దిగుమతుల పోటీ వల్ల పోయినవి 20 నుంచి 24 లక్షల ఉద్యోగాలు. నార్త్ కరోలినాలో హికరీ చుట్టుపక్కల ఫర్నిచర్ పరిశ్రమ మీద బతికిన ఊళ్లు ఇలాగే దెబ్బతిన్నాయి. పని పోయినవాడు మరో ఊరు వెళ్లి మరో పని చూసుకుంటాడని మనం చదువుకున్నాం, చదివించాం. ఆటర్ బృందం పరిశోధనల్లో తేలిందేమిటంటే చాలామంది ఊరు కదలలేదు, అక్కడ జీతాలు తగ్గాయి, వైకల్య భృతి మీద ఆధారపడేవారు పెరిగారు.

జవాబు 2 (ఐటీ ఉద్యోగి, మడికొండ):
పై వివరణ ఫ్యాక్టరీలకు సరిపోతుంది, మా పని తీరు వేరు. ప్రాజెక్టు ఇక్కడికి వచ్చే ముందు కొన్ని వారాలపాటు కేటీ నడుస్తుంది, అంటే అప్పటిదాకా ఆ పని చేసిన అమెరికా ఉద్యోగి రోజూ కాల్‌లోకి వచ్చి మాకు పని నేర్పిస్తాడు. నెలాఖరు బ్యాచ్ రన్‌లో (కంప్యూటర్ వరుసగా నడిపే పనుల్లో) ఏ ప్రోగ్రాం ఎక్కడ ఆగుతుందో, ఆగితే ముందుగా ఏ లాగ్ (కంప్యూటర్ రాసుకునే నమోదు) చూడాలో ఓపిగ్గా చెప్పే ఆ మనిషికి కేటీ ముగిశాక అక్కడ సీటు ఉండకపోవచ్చని కాల్‌లో ఉన్న అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. చదువుకున్నవాడికి ఢోకా లేదన్న నమ్మకం ఇకపై చెల్లదని, తీగ మీద, అంటే ఇంటర్నెట్ ద్వారా పంపగలిగే పనా కాదా అన్నదే అసలు గీత అని ఆర్థికవేత్త అలన్ బ్లైండర్ 2006లోనే రాశారు. అమెరికా ఉద్యోగాల్లో 22 నుంచి 29 శాతం అలా తరలించడానికి వీలున్నవని తర్వాత ఆయన అంచనా వేశారు. వీలున్నవి వేరు, తరలిపోయినవి వేరు అని మీ విద్యార్థులకు తప్పక చెప్పండి సార్.

జవాబు 3 (కిరాణా వ్యాపారి, వరంగల్):
1934లో మొదలైన మన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడింది గానీ, విదేశాలకు తరలిపోయి కాదు కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు. అయినా మిల్లు జీతాల రోజును చూసుకుని ఉద్దెర ఇచ్చిన మా వంటి దుకాణాల ఖాతా పుస్తకాల్లో ఎన్నో బాకీలు వసూలు కాకుండా మిగిలిపోయాయి. ఉద్యోగాల లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా కనిపించదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మొత్తం మీద దేశానికి లాభమే అయితే, అందులో కొంత నష్టపోయినవారికి ఎందుకు అందలేదు?

జవాబు 1 వారే:
పథకం లేక కాదు. ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ పేరుతో కెనెడీ హయాంలో, 1962లోనే అది మొదలైంది. అయితే తమ పని పోవడానికి విదేశీ వాణిజ్యమే కారణమని తేలితే తప్ప కార్మికులకు శిక్షణ, భృతి దక్కేవి కావు, పైగా సేవారంగం వారికి 2009 చట్ట సవరణ దాకా తలుపులు దాదాపు మూసే ఉన్నాయి. మొరీనో బిల్లు కూడా పన్ను సొమ్మును శిక్షణ నిధికి మళ్లిస్తానంటోంది గానీ, యాభై దాటి ఇంటి అప్పు కడుతున్న మనిషికి కొత్త పని నేర్పినా ఆ ఊళ్లో ఉద్యోగం ఉంటేనే కదా ఫలితం. ఉన్న పాత పథకానికైతే గడువు పొడిగించకపోవడంతో 2022 జూలై 1 నుంచి కొత్త దరఖాస్తుల ఆమోదమే నిలిచిపోయింది.