సమస్య: మగని నెఱుగనన్న మగువ మంచి సాధ్వి

నిర్వహణ: ఈసారి తేటగీతి పాదం, పైన ఇచ్చాను; అది చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి. దీనికి మూలం 1947లో వచ్చిన టీ-మెన్, ఆంథొనీ మాన్ తీసిన సినిమా. అమెరికా ఖజానా శాఖ ఏజెంట్లు ఇద్దరు మారుపేర్లతో దొంగనోట్ల ముఠాలో దూరతారు. వాళ్లలో జెనారో అనేవాడు లాస్ ఏంజిలస్ మార్కెట్లో ముఠావాడి పక్కన ఉండగా భార్య, ఆమె స్నేహితురాలు ఎదురవుతారు. స్నేహితురాలు గుర్తుపట్టేస్తుంది, భార్య మాత్రం ఈయన నా భర్త కాదంటుంది. ఈ సినిమా మీదే రాయాలనేం లేదు.

లఘువు:
దొంగ వేషాన నంగట దొంగతోడ
నిలిచె, "నీవాడు కాడటే?" నేస్త మడుగ,
ప్రాణములు నిల్వ వతనివి బయటపడిన;
మగని నెఱుగనన్న మగువ మంచి సాధ్వి

నిర్వహణ: మూడో పాదం చాలా బావుంది, మాట్లాడుకున్నట్టే ఉంది. మొదటి పాదంతోనే చిక్కు. అతను పోలీసు తరఫువాడని ఎక్కడా చెప్పలేదు కాబట్టి సినిమా చూడనివాళ్లకి ఇద్దరు దొంగలు బజారుకెళ్లిన కథే కనిపిస్తుంది. "గూఢచారియై యంగట గుంపుతోడ" అంటే ఎలా ఉంటుంది?

లఘువు: గూ-గు యతి (పాదంలో అక్షరాల మైత్రి) కూడా కుదిరింది, మారుస్తున్నాను.

గణగణ: నేను విరాటపర్వంలోకి వెళ్లాను. ఏడాదిపాటు అజ్ఞాతంలో ఉన్నవాళ్లకంటే పెద్ద ఏజెంట్లెవరు!

విరటు కొలువున సైరంధ్రి వేషమందు
వంటవాడగు భీముని గంటఁ జూచి
పలుకరించక తలవంచి పనికి నేగె;
మగని నెఱుగనన్న మగువ మంచి సాధ్వి

పాతరీలు: వంట-గంట ప్రాసయతి (యతికి బదులు ప్రాస) ముచ్చటగా ఉంది. కానీ సమస్యలో "అన్న" ఉందండీ, మీ ద్రౌపది నోరే విప్పలేదు. భీముడు మృగాలతో పోరాడుతుంటే కలతపడిన సైరంధ్రిని చూసి, ఈ వంటవాడంటే నీకు ఇష్టంలా ఉందే అని సుదేష్ణ నవ్వే ఘట్టం భారతంలోనే ఉంది, దాన్ని వాడుకోండి. "రాణి 'నీవాడె?' యని నవ్వ, రాయివోలె" అని మూడో పాదం పెడితే నాలుగోది దానంతటదే అతుక్కుంటుంది.

గణగణ: పద్యం మీది, పేరు నాది అయిపోయేలా ఉంది. సరే, పెట్టేస్తున్నా.

పాతరీలు: ఇక నాది. సినిమాలో భార్య కాదన్నా జెనారో బతకలేదు కదా, నాకు అదే గుచ్చుకుంది.

కల్ల యాడినఁ గాంతుడు గడచునంచు;
కన్ను కన్నుతో గలిసిన గడియ చాలె
దొంగ పసిగట్ట; నాథుడు తూలి పడియె;
మగని నెఱుగనన్న మగువ మంచి సాధ్వి

నిర్వహణ: ఇవాళ్టికి ఇదే నాకు నచ్చింది. మిగతా రెండిట్లో అబద్ధం పనిచేసింది, ఇక్కడ పనిచేయకపోయినా ఆమె సాధ్వే. "తూలి పడియె" మాత్రం తాగి పడ్డట్టుంది. "తూటకొరిగె" అనండి, యతి చెడదు.

లఘువు: జెనారోని కాల్చేటప్పుడు తోటి ఏజెంటు అక్కడే ఉండి, కదిలితే తనూ దొరికిపోతాడని ముఖంలో ఏమీ కనపడనీయకుండా నిలబడతాడు చూడండి, మార్కెట్లో ఆమె చేసిందీ అదే పని. ఆయన మీద కూడా ఒక పద్యం పడాలి, కానీ "మగువ" అడ్డొస్తోంది.