పాత అంబాసిడర్‌కు పాయింట్లే ఉంచాలా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాలా?

కడప సభ్యుడు:
మా మామగారి 1980ల నాటి పెట్రోలు అంబాసిడర్ (1489 సీసీ) ఊళ్లో ఎంత తిప్పినా ఇబ్బంది పెట్టదు. రాయచోటికి బయలుదేరితే మాత్రం గువ్వలచెరువు ఘాట్‌లో దగ్గుతూ ఆగిపోతుంది. అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. కోవా కొనడానికి మేమే ఆపితే అది వేరు. పాయింట్లు (కాయిల్‌కు వెళ్లే కరెంటును తెంపి నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు), అవి మాడకుండా కాపాడే కండెన్సర్ ఈమధ్యే మార్పించాము. ఇక పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించుకోమని మెకానిక్ అంటున్నారు. మీరేమంటారు?

కర్నూలు సభ్యుడు:
పెట్టించుకోవలసిందే. పాయింట్లలో కామ్‌కు రాసుకునే ఫైబరు ముక్క అరుగుతున్నకొద్దీ వాటి నడుమ గ్యాప్ తగ్గి, రవ్వ పడే టైమింగ్ వెనక్కి జారుతుంది. పైగా రవ్వను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో బుష్ అరిగిన బండిలో గ్యాప్ ఒక్కో సిలిండరుకు ఒక్కోలా వస్తుంది కనుక గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్‌తో ఎంత సరిచేసినా నిలవదు. కిట్‌లో రాసుకునేదే లేదు.

అనంతపురం సభ్యుడు:
అరుగుదల మాట నిజమే గాని, ఈ బండి జబ్బు అది కాదు. గ్యాప్ చెడితే పొద్దున చల్లటి ఇంజినులోనూ చెడే ఉంటుంది, అరగంట నీడన నిలిపినంత మాత్రాన బాగుపడదు. వేడికి లొంగేవి కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని రవ్వకు సరిపడా పెంచేది), కండెన్సర్, ఇంజినుకు ఆనుకొని ఉండే పెట్రోలు పంపు. ఈసారి బండి ఆగగానే, చల్లారనివ్వకుండా, డిస్ట్రిబ్యూటర్ మూత నడుమనున్న కాయిల్ వైరును ఊడదీసి, ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో దాని కొసను ఇంజిను దిమ్మకు 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకొని, వేరొకరిచేత సెల్ఫ్ కొట్టించండి. దగ్గర్లో పెట్రోలు చెమ్మ లేకుండా చూసుకోండి. నీలి నిప్పురవ్వ చిటపటమంటూ దూకితే ఇగ్నిషన్ మంచిదే, పెట్రోలు ఆవిరై పైపులో అడ్డుపడుతున్నట్టు. పంపు మీద తడిగుడ్డ వేసి చూడండి. రవ్వ పసుపుపచ్చగా, నీరసంగా వస్తే కాయిల్‌ను అనుమానించండి. చాలా కిట్లు పాత కాయిల్‌తోనే పనిచేస్తాయి. కాయిలే పాడైతే కిట్ పెట్టించినా అదే మలుపులో ఆగుతారు.

కర్నూలు సభ్యుడు:
పరీక్ష సబబే. కాయిల్ మార్చాకైనా కిట్ మేలని నా మాట.

అనంతపురం సభ్యుడు:
కిట్‌కు నేను వ్యతిరేకిని కాను. అయితే బ్యాటరీ వైర్లు తారుమారైతే అది క్షణంలో మాడుతుంది, దారిలో దానికి మరమ్మతు లేదు. పాయింట్లనైతే గరుకు కాగితంతో రుద్ది, 0.38 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టుకొని ఇల్లు చేరవచ్చు. కిట్ వేసినా, పాత పాయింట్ల ప్లేటును కండెన్సర్‌తో సహా డిక్కీలో ఉంచుకోండి.

కడప సభ్యుడు:
ఘాట్‌లోనే పరీక్షించాను. రవ్వ పసుపుపచ్చగా వచ్చింది, కాయిల్ చేయి పెట్టలేనంతగా కాలుతోంది. చల్లారాక మల్టీమీటరుతో చూస్తే ప్రైమరీ (కాయిల్‌లో బ్యాటరీ కరెంటు పారే చుట్ట) 1.5 ఓములు చూపింది.

అనంతపురం సభ్యుడు:
దొరికింది. అది కరెంటును అదుపులో ఉంచే బల్లాస్ట్ రెసిస్టర్‌తో వాడవలసిన కాయిల్. మీ బండిలో రెసిస్టర్ లేకపోతే, పాయింట్లు మూసుకొని ఉన్నప్పుడు 12 వోల్టులకు 4 ఆంపియర్లు పారవలసిన చోట 8 పారుతున్నట్టు. కొత్త పాయింట్లూ దానితోనే మాడతాయి. 3 ఓముల కాయిల్ వేయించి, మళ్లీ ఘాట్ ఎక్కి చూశాకే కిట్ సంగతి ఆలోచించండి.